ఇంటి కంప్యూటర్‌లో సౌండ్ డ్రైవర్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంట్లో డెస్క్‌టాప్ గానీ ల్యాప్‌టాప్ గానీ వాడుకునేవారి కోసం ఈ సమాధానాలు. విండోస్ 10, విండోస్ 11 ఉన్న యంత్రాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. లినక్స్ గురించి చివర్లో ఒక ప్రశ్న ఉంది. మెనూ పేర్లు తెర మీద ఇంగ్లిషులో కనిపిస్తాయి గనుక వాటిని అదే ఉచ్చారణతో ఇచ్చాం.

సౌండ్ డ్రైవర్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో ఫైలుగా ఉన్నంతసేపు పాట అంకెల వరుస మాత్రమే. ఆ అంకెలను స్పీకర్ పలకగలిగే విద్యుత్ సంకేతంగా మార్చే పని మదర్‌బోర్డు మీద ఉండే కోడెక్ అనే చిన్న చిప్‌ది. ఆ చిప్‌కు ఏమి పంపాలి, ఏ రంధ్రంలో పిన్ను గుచ్చారు, వాల్యూమ్ ఎంత ఉండాలి అన్నవి విండోస్ తరఫున చూసుకునే ప్రోగ్రామును సౌండ్ డ్రైవర్ అంటారు. మన ఇళ్లలోని డెస్క్‌టాప్‌లలో సాధారణంగా కనిపించేది రియల్‌టెక్ కోడెక్.

ఇంటెల్ 2004లో హై డెఫినిషన్ ఆడియో అనే ప్రమాణాన్ని తెచ్చింది. దానిని పాటించే చిప్‌లన్నిటికీ పనికివచ్చే సాధారణ డ్రైవర్ ఒకటి విండోస్‌లోనే ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' అనే పేరుతో కనిపించేది అదే. కాబట్టి కంపెనీ డ్రైవర్ లేకపోయినా డెస్క్‌టాప్‌లో మామూలు శబ్దం రావాలి. అసలేమీ వినిపించడం లేదంటే, డ్రైవర్‌ను అనుమానించే ముందు పరీక్షించవలసినవి వేరే ఉన్నాయి.

శబ్దం రావడం లేదు. తప్పు డ్రైవర్‌దేనని ఎలా నిర్ధారించుకోవాలి?

చాలామంది ఈ ప్రశ్నను దాటేసి నేరుగా డ్రైవర్ డౌన్‌లోడ్‌కు వెళతారు. పనిచేస్తున్న డ్రైవర్‌ను తీసేసి, దానికి సరిపోని మరొకటి వేసి, లేని సమస్యను తెచ్చుకోవడం ఇక్కడే మొదలవుతుంది. ముందుగా స్పీకర్ పిన్నును కంప్యూటర్ నుంచి తీసి, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోనుకు గానీ టీవీకి గానీ పెట్టి చూడండి. అక్కడా పలకకపోతే స్పీకర్లదో తీగదో తప్పు.

స్పీకర్లు బాగున్నట్లయితే, కంట్రోల్ ప్యానెల్‌లో 'సౌండ్' తెరిచి, 'ప్లేబ్యాక్' ట్యాబ్‌ను తెర మీద ఉంచి, ఏదైనా పాట పెట్టండి. ప్రతి పరికరం పేరుకు కుడివైపున సన్నటి నిలువు గీతలు ఉంటాయి. పాటకు అనుగుణంగా ఆ గీతల్లో ఆకుపచ్చ రంగు పైకీ కిందికీ ఆడుతున్నదంటే విండోస్ ఆ పరికరానికి శబ్దాన్ని పంపుతూనే ఉన్నది. అప్పుడు చూడవలసింది పిన్ను సరైన రంధ్రంలో ఉన్నదా, శబ్దం వెళ్తున్న పరికరం మీరు వింటున్న పరికరమేనా అన్నది. గీతలు అసలు కదలకపోయినా, పరికరమే జాబితాలో లేకపోయినా, గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద ఎర్రటి గుర్తు ఉన్నా డ్రైవర్ వైపు వెళ్లాలి.

వెనుకనున్న మూడు రంధ్రాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పచ్చది స్పీకర్లకు, గులాబీ రంగుది మైకుకు, నీలం రంగుది బయటి పరికరాల నుంచి శబ్దం తీసుకోవడానికి. ఇల్లు ఊడ్చేటప్పుడు సీపీయూను జరిపి, ఊడిన పిన్నును తిరిగి నీలం రంధ్రంలో గుచ్చడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

టీవీని గానీ కొత్త మానిటర్‌ను గానీ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపిన రోజు నుంచి స్పీకర్లు పలకడం లేదు. ఎందుకు?

హెచ్‌డీఎంఐ బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా మోసుకుపోతుంది. కొత్త తెర కనబడగానే విండోస్ దానినే ప్రధాన ఆడియో పరికరంగా ఎంచుకోవచ్చు. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేకపోతే శబ్దం ఎక్కడా వినిపించదు. 'ప్లేబ్యాక్' ట్యాబ్‌లో మీ స్పీకర్ల పేరు మీద నొక్కి 'సెట్ డీఫాల్ట్' ఇస్తే సరిపోతుంది. దీనికి డ్రైవర్ మార్చనక్కర్లేదు.

డివైస్ మేనేజర్‌లో ఏమేమి చూడాలి?

విండోస్ మీటను, ఎక్స్ అక్షరాన్ని కలిపి నొక్కితే వచ్చే పట్టీలో 'డివైస్ మేనేజర్' ఉంటుంది. అందులో 'సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్' అనే శాఖను తెరవండి. రియల్‌టెక్ పేరు ఏ గుర్తూ లేకుండా ఉంటే విండోస్ దృష్టిలో డ్రైవర్ బాగానే ఉన్నట్టు. పేరు మీద కిందికి చూసే చిన్న బాణం ఉంటే ఎవరో దానిని ఆపివేశారని అర్థం. కుడి బటన్ నొక్కి 'ఎనేబుల్' ఇవ్వండి. పసుపు త్రికోణం ఉంటే రెండుసార్లు నొక్కి, తెరుచుకున్న పెట్టెలో రాసిన కోడ్ సంఖ్యను చదవండి. కోడ్ 28 అంటే డ్రైవరే వేయలేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలు కాలేకపోయింది. కోడ్ 52 అంటే ఆ డ్రైవర్‌కు ఉండవలసిన డిజిటల్ సంతకాన్ని విండోస్ ధ్రువీకరించుకోలేకపోయింది. ఎక్కడెక్కడివో తెచ్చి వేసిన డ్రైవర్లకు ఇలా జరుగుతుంది.

సౌండ్ శాఖలో ఏమీ లేక, 'అదర్ డివైసెస్' కింద 'మల్టీమీడియా ఆడియో కంట్రోలర్' అని పసుపు గుర్తుతో ఉంటే మీకు కావలసింది సరైన డ్రైవర్ మాత్రమే. రెండు చోట్లా ఏ ఆనవాలూ లేకపోతే బయోస్‌లోకి (విండోస్ మొదలు కాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి 'ఆన్‌బోర్డ్ ఆడియో' లేదా 'హెచ్‌డీ ఆడియో కంట్రోలర్' అనే అంశం 'ఎనేబుల్డ్'లో ఉన్నదేమో చూడాలి. అక్కడ ఉండి కూడా విండోస్‌కు కనిపించకపోతే చిప్ చెడిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

సరైన డ్రైవర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

ల్యాప్‌టాప్ అయితే దానిని తయారుచేసిన కంపెనీ సపోర్ట్ సైట్ నుంచే తీసుకోవాలి. అడుగున అంటించిన చీటీ మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు ఉంటాయి. సైట్‌లో ఆ నంబరు ఇస్తే మీ యంత్రానికి చెందిన ఫైళ్లే చూపుతుంది. రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకే రియల్‌టెక్ చిప్ ఉన్నా, స్పీకర్ల అమరికకు తగినట్టు ఒక్కో కంపెనీ డ్రైవర్‌ను మార్చుకుంటుంది. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన డ్రైవర్ మీ దానిలో స్పీకర్లను మూగబుచ్చడానికి కారణం ఇదే.

ఒంగోలులోనో నెల్లూరులోనో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించిన సిస్టమ్ అయితే కావలసింది మదర్‌బోర్డు పేరు. సెర్చ్ పెట్టెలో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని రాసి తెరిస్తే 'బేస్‌బోర్డ్ ప్రొడక్ట్' అనే వరుసలో ఆ పేరు ఉంటుంది. అక్కడా కనిపించకపోతే సిస్టమ్ ఆపి, కరెంటు తీగ తీసి, పక్క పలక విప్పి బోర్డు మీద అచ్చువేసిన పేరును చదువుకోవచ్చు.

చిప్ ఎవరిదో కూడా తెలియనప్పుడు డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం 'ప్రాపర్టీస్' తెరిచి, 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. పొడవాటి కోడ్‌లో వీఈఎన్ అనే అక్షరాల తర్వాత 10ఈసీ ఉంటే అది రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్, 1002 ఉంటే ఏఎండీ, 10డీఈ ఉంటే ఎన్విడియా. చివరి రెండూ సాధారణంగా హెచ్‌డీఎంఐ ద్వారా వెళ్లే శబ్దానికి చెందినవి.

వీటన్నిటికంటే ముందు విండోస్ అప్‌డేట్‌లో 'ఆప్షనల్ అప్‌డేట్స్' అనే భాగాన్ని ఒకసారి చూడండి. మీ యంత్రానికి సరిపోయే డ్రైవర్ అక్కడే ఉండవచ్చు.

ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నిటినీ సరిచేస్తామనే ప్రోగ్రాములు వాడవచ్చా?

వాడకపోవడమే మంచిది. బాగున్న డ్రైవర్లను కూడా పాతవని చూపి డబ్బు అడిగేవి వాటిలో ఉన్నాయి. అడగకుండానే ఇతర ప్రోగ్రాములను వెంట తెచ్చేవీ ఉన్నాయి. 'మీ కంప్యూటర్‌లో లోపం ఉంది, మేం బాగుచేస్తాం' అని ఎవరైనా ఫోన్ చేసి స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే, వేసుకోకుండా వెంటనే ఫోన్ కట్ చేయండి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయడానికి సరైన క్రమం ఏమిటి?

ముందుగా కొత్త డ్రైవర్ ఫైలును డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఈ ఫైళ్లు వందల ఎంబీలు ఉండవచ్చు గనుక, ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు రోజువారీ డేటా ఎంత మిగిలిందో చూసుకుని మొదలుపెట్టాలి. తర్వాత సెర్చ్‌లో 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని రాసి ఒక రీస్టోర్ పాయింట్ చేసుకోండి. పని చెడితే వెనక్కి రావడానికి దారి అదే.

ఆపైన డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ పేరు మీద కుడి బటన్ నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' ఇవ్వండి. అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో, డ్రైవర్ ఫైళ్లను కూడా తొలగించమంటారా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో టిక్ పెట్టకపోతే రీస్టార్ట్ తర్వాత విండోస్ చెడిన డ్రైవర్‌నే మళ్లీ తగిలిస్తుంది. పదేపదే తీసి వేసినా ఫలితం లేదని చెప్పేవారిలో చాలామంది ఈ గడిని వదిలేసినవారే. పెట్టె ముగిశాక 'రీస్టార్ట్' చేయండి. 'షట్ డౌన్' చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న యంత్రాల్లో షట్ డౌన్ అయినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, ఆన్ కాగానే దానినే తిరిగి తెచ్చుకుంటుంది.

రీస్టార్ట్ అయ్యాక విండోస్ తన సాధారణ డ్రైవర్‌ను వేసుకుంటుంది. ఇక్కడ ఆగి పాట పెట్టి చూడండి. శబ్దం బాగా వస్తున్నదంటే, ఈక్వలైజర్ వంటి అదనపు సదుపాయాలు మీకు అక్కర్లేకపోతే, పని ఇక్కడితో ముగించవచ్చు. అక్కర ఉంటేనే కంపెనీ డ్రైవర్ సెటప్ నడిపి మరొకసారి రీస్టార్ట్ చేయండి.

విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి శబ్దం పోయింది. ఏం చేయాలి?

డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం 'ప్రాపర్టీస్' తెరిచి, 'డ్రైవర్' ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ బటన్ వెలిసిపోయినట్టు కనిపిస్తే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ దాచి లేదని అర్థం. అప్పుడు పైన చెప్పిన క్రమమే పాటించాలి.

అప్‌డేట్లకూ సౌండ్ డ్రైవర్లకూ పొసగకపోవడం ఊహ కాదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లున్న యంత్రాల్లో స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవర్ పాత వెర్షన్లకు విండోస్ 11తో పడక నీలి తెర (విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించేది) రావచ్చని మైక్రోసాఫ్ట్ స్వయంగా ప్రకటించి, వాటికి అప్‌డేట్‌ను కొంతకాలం నిలిపివేసింది. అప్‌డేట్ రానందుకు బలవంతంగా ఎక్కించుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఫార్మాట్ చేయించి కొత్తగా విండోస్ వేయించాక శబ్దం లేదు, లేదా మైకు లేదు. కారణం?

ల్యాప్‌టాప్‌లలో ఇది తరచుగా ఎదురవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో కోడెక్ ఒక్కటే ఉండదు. తెర అంచున ఉండే డిజిటల్ మైకుల శబ్దాన్ని ఇంటెల్ స్మార్ట్ సౌండ్ వంటి వేరొక భాగం చూసుకుంటుంది, దానికి వేరే డ్రైవర్ కావాలి. అందువల్ల కంపెనీ సైట్ నుంచి ముందు చిప్‌సెట్ డ్రైవర్‌ను, తర్వాత స్మార్ట్ సౌండ్ డ్రైవర్‌ను, ఆఖరున ఆడియో డ్రైవర్‌ను వేయాలి. షాపులో విండోస్ వేయించుకునేవారు యంత్రాన్ని తీసుకునే ముందు అక్కడే పాట పెట్టి, మైకులో మాట్లాడి చూసుకోవడం మేలు. కావలి నుంచో సింగరాయకొండ నుంచో బస్సెక్కి మళ్లీ వెళ్లే ఖర్చు తప్పుతుంది.

'ఆడియో సర్వీస్ నాట్ రన్నింగ్' అని వస్తున్నది.

సెర్చ్‌లో 'సర్వీసెస్' తెరిచి, 'విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్', 'విండోస్ ఆడియో' అనే రెండింటినీ 'ఆటోమేటిక్'లో పెట్టి 'స్టార్ట్' ఇవ్వండి. మొదటిది నడవకపోతే రెండోది నడవదు.

స్పీకర్లలో ఎప్పుడూ గుయ్యిమని మోత వస్తున్నది. కొత్త డ్రైవర్ వేస్తే పోతుందా?

పోదు. ఆగకుండా ఒకే స్థాయిలో వచ్చే ఆ మోత మన ఇంటి కరెంటుదే. మన దేశంలో సరఫరా సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది, ఆ కంపనమే స్పీకర్‌లో వినిపిస్తున్నది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత వెంటనే ఆగితే తప్పు చార్జర్‌లోనో ఇంటి ఎర్తింగ్‌లోనో ఉన్నది. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో వేసవి ముదిరేసరికి ఎర్త్ గుంత ఎండిపోయి పట్టు తప్పుతుంది. గుంతలో నీళ్లు పోసిన పూట మోత తగ్గితే కారణం తేలినట్టే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంతను బాగుచేయించుకోవాలి. సిస్టమ్‌నూ స్పీకర్లనూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి నడపడం, కేబుల్ టీవీ పెట్టెతో కలిపిన తీగను విడదీసి చూడడం కూడా ఉపయోగపడతాయి. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరగ్గొట్టేవారు ఉన్నారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని, ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

పిన్నును తిప్పినప్పుడల్లా శబ్దం వచ్చి పోతున్నది, లేదా ఒక చెవికే వస్తున్నది.

ఇది రంధ్రం లోపలి స్పర్శ చెడడం. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి రంధ్రంలోని సన్నటి లోహపు రేకు మీద చిలుము పడుతుంది. చీమకుర్తి వైపు క్వారీలకు దగ్గరి ఇళ్లలో సీపీయూ వెనుక టార్చి వేసి చూడండి: పచ్చ రంధ్రం అంచు చుట్టూ బూడిదరంగు పొడి మెత్తగా పేరుకుని ఉంటుంది, పిన్ను గుచ్చిన ప్రతిసారీ అది ఇంకొంచెం లోపలికి దిగుతుంది. సిస్టమ్ ఆపి, పొడిని బ్రష్షుతో దులిపి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, పిన్నును కొన్నిసార్లు గుచ్చి తీయండి. బాగా ఆరిన తర్వాతే ఆన్ చేయాలి. కొబ్బరినూనె, కిరోసిన్ వాడితే దుమ్ము మరింత అంటుకుంటుంది.

పాట మధ్యలో చిటపటమని, తెగి తెగి వస్తున్నది. ఇది డ్రైవర్‌దేనా?

కావచ్చు. 'ప్లేబ్యాక్' ట్యాబ్‌లో మీ స్పీకర్ల 'ప్రాపర్టీస్' తెరిచి, 'ఎన్‌హాన్స్‌మెంట్స్' అన్నిటినీ ఆపి చూడండి. మార్పు లేకపోతే 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లో శబ్దపు నాణ్యతను 24 బిట్, 48000 హెర్ట్జ్‌కు గానీ 16 బిట్, 44100 హెర్ట్జ్‌కు గానీ మార్చండి. అప్పటికీ తగ్గకపోతే అనుమానించవలసింది సౌండ్ డ్రైవర్‌ను కాదు, వైఫై డ్రైవర్‌ను లేదా గ్రాఫిక్స్ డ్రైవర్‌ను. అవి ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టుకుంటే శబ్దానికి సమయానికి వంతు అందదు. వైఫైని ఒక నిమిషం ఆపి పాట వింటే తేడా తెలుస్తుంది.

హైదరాబాదులో ఉన్న అబ్బాయితో వీడియో కాల్ మాట్లాడితే మా గొంతు అవతలికి వినిపించడం లేదు. మైకు డ్రైవర్ వేరే ఉంటుందా?

డెస్క్‌టాప్‌లో మైకుకూ స్పీకర్లకూ సాధారణంగా ఒకే డ్రైవర్. స్పీకర్లు పలుకుతున్నాయంటే మొదట చూడవలసింది అనుమతులు: 'సెట్టింగ్స్'లో 'ప్రైవసీ' కింద 'మైక్రోఫోన్' తెరిచి, యాప్‌లకు అనుమతి ఆన్‌లో ఉన్నదా, చివరనున్న డెస్క్‌టాప్ యాప్‌ల అనుమతి కూడా ఆన్‌లో ఉన్నదా చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీద మైకును ఆపే మీట ఒకటి ఉంటుంది. చిన్నపిల్లల చేయి తగిలినా అది ఆగిపోతుంది.

సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్లను డెస్క్‌టాప్‌కు పెట్టేవారికి మరొక చిక్కు. ఆ పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. శబ్దమూ మైకూ రెండూ దానిలోనే ఉంటాయి. డెస్క్‌టాప్‌లో ఆ రెంటికీ వేర్వేరు రంధ్రాలు గనుక పచ్చ రంధ్రంలో పెడితే వినిపిస్తుంది గానీ మాట వెళ్లదు. ఒకవైపు ఆడ జాక్, మరోవైపు రెండు పిన్నులు ఉండే చిన్న స్ప్లిటర్ తీగ కొంటే రెండూ పనిచేస్తాయి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో పాట బాగుంటుంది, కాల్ రాగానే శబ్దం పలచబడుతుంది. ఎందుకు?

మైకు వాడకం మొదలు కాగానే సంప్రదాయ బ్లూటూత్ పాటల విధానాన్ని వదిలి ఫోన్ మాటల విధానంలోకి మారుతుంది, అందులో నాణ్యత తక్కువ. విడిగా మైకు పెట్టుకుని, కాల్ సెట్టింగుల్లో దానినే ఎంచుకుంటే హెడ్‌ఫోన్లు పాటల విధానంలోనే ఉంటాయి.

వానలప్పుడు కరెంటు పోయి వచ్చాక శబ్దం ఆగిపోయింది.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈ ఫిర్యాదు పెరుగుతుంది. సిస్టమ్ నడుస్తుండగా కరెంటు పోతే డిస్కు మీద రాస్తున్న ఫైలు సగంలో ఆగి చెడవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చెడిన విండోస్ ఫైళ్లను వెతికి బాగుచేసే సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపి, ఆపైన డ్రైవర్‌ను తిరిగి వేయండి. పిడుగు పడిన రోజున పోయిన శబ్దం అయితే సంగతి వేరు. తీగల గుండా వచ్చిన ఎక్కువ వోల్టేజి చిప్‌ను కాల్చి ఉండవచ్చు, దానికి ఏ డ్రైవరూ మందు కాదు.

మాది పాత సిస్టమ్, విండోస్ 7 ఉంది. డ్రైవర్ దొరుకుతుందా?

మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో పాత ఫైళ్లు ఉంటే దొరుకుతుంది. అయితే విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిశాయి. ఉన్న డ్రైవర్ పనిచేస్తూనే ఉంటుంది గనుక, శబ్దం బాగున్న పాత యంత్రంలో డ్రైవర్ జోలికి పోకుండా ఉండడమే తెలివైన పని.

లినక్స్ వాడేవారు డ్రైవర్ ఎక్కడ తెచ్చుకోవాలి?

ఎక్కువ సందర్భాల్లో తెచ్చుకోనక్కర్లేదు, అది కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ మూలభాగంలోనే ఉంటుంది. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అనే వాల్యూమ్ ప్రోగ్రామును తెరిచి, ఎఫ్6తో సరైన కార్డును ఎంచుకుని, వరుస కింద ఎంఎం అని కనిపిస్తే ఎం మీట నొక్కి మ్యూట్ తీయండి. 'ఆటో మ్యూట్ మోడ్' కారణంగా కూడా స్పీకర్లు ఆగిపోతుంటాయి. ఉబుంటు 22.10 నుంచి శబ్దాన్ని పైప్‌వైర్ నడుపుతున్నది. అంతకుముందు ఆ పని చేసిన పల్స్ఆడియో కోసం రాసిన పాత సలహాలు అన్నీ దానికి వర్తించవు.

మా ఇంట్లో చూపులేని వ్యక్తి స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాముతో) కంప్యూటర్ వాడుతారు. డ్రైవర్ పోతే వారు ఏం చేయాలి?

ఇతరులకు శబ్దం పోవడం అసౌకర్యం. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ మీద ఆధారపడేవారికి కంప్యూటరే మూతపడినట్టు. డెస్క్‌టాప్ తెర మీదికి వచ్చాక విండోస్, ఎక్స్ కలిపి నొక్కి, ఆ తర్వాత యు, ఆర్ మీటలను వరుసగా నొక్కితే ఇంగ్లిష్ విండోస్‌లో యంత్రం రీస్టార్ట్ అవుతుంది; తాత్కాలిక లోపమైతే దానితో పోవచ్చు. అలాంటి ఇంట్లో యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి సిద్ధంగా ఉంచాలి. అది మదర్‌బోర్డు కోడెక్‌ను గానీ రియల్‌టెక్ డ్రైవర్‌ను గానీ వాడుకోదు, విండోస్‌లోనే ఉన్న యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌తో గుచ్చగానే పలుకుతుంది. డ్రైవర్ మార్చే పని ఏదైనా దానిని గుచ్చి, గొంతు వినిపిస్తుండగానే చేసుకోవాలి.

ఇవన్నీ చేశాక కూడా శబ్దం రాకపోతే?

పైన చెప్పిన హెడ్‌సెట్ లాగే పనిచేసే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి గుచ్చి చూడండి. దానిలో శబ్దం వస్తే విండోస్ బాగున్నట్టు, లోపం మదర్‌బోర్డు చిప్‌లోనో రంధ్రంలోనో ఉన్నట్టు తేలిపోతుంది. ఒక్క శబ్దం కోసం మదర్‌బోర్డు మార్చమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. డెస్క్‌టాప్‌కు ఆ చిన్న కార్డునే శాశ్వతంగా వాడుకోవచ్చు. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌ను మాత్రం బయట విప్పించకుండా కంపెనీ సర్వీసు సెంటరుకే తీసుకెళ్లి, డివైస్ మేనేజర్‌లో కనిపించిన కోడ్ సంఖ్యను, శబ్దం ఏ రోజున ఏ పని తర్వాత పోయిందన్నదాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి.